వాతావరణ మార్పు: గుండె జారనివ్వనివీ, కళ్లు కప్పనివీ ఏం చదవాలి?

బరంపురం చదువరి

అందరికీ నమస్కారం. ఒడిశా బరంపురంలో నెలకోసారి కూర్చుని చదువుకునే చిన్న బృందం మాది. డిగ్రీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు, ఇద్దరు ముగ్గురు రైతులు ఉన్నారు. రాబోయే ఆరు నెలలకు వాతావరణ మార్పు తీసుకుందాం అనుకున్నాం. అలా అనుకోగానే గుంపు రెండుగా చీలింది. ఒకవైపు వాళ్లు "ఇంకేముంది, అంతా అయిపోయింది" అంటున్నారు. రెండోవైపు వాళ్లు "సోలార్ చవకైంది కదా, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటున్నారు. ఇద్దరూ ఒకే పుస్తకం ముందు కూర్చుని వాదించుకునేలా ఏవైనా చెప్పండి.

తెలుగు అందరికీ వచ్చు, ఒడియా సగం మందికి వచ్చు, ఇంగ్లీషు మాత్రం కాస్త నెమ్మది. వీలైతే ఉచితంగా దొరికేవి కావాలి. గంజాం, గజపతి, రాయగడ వైపు సంగతులున్నది కనీసం ఒకటైనా ఉండాలి, లేకపోతే రైతులు రెండో నెలకే మానేస్తారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పగలరు.

పర్లాకిమిడి మాస్టారు

పుస్తకాలను ఆశావి, నిరాశవి అని విడదీయకండి. ఏ సంవత్సరంలో రాసింది, ఏ అంకె మీద నిలబడింది అని విడదీయండి. ఈ విషయంలో అయిదేళ్లకే పుస్తకం పాతబడుతుంది. భయపెట్టేదీ పాతబడుతుంది, ఊరడించేదీ పాతబడుతుంది.

మొదటి నెలకు ఒకే మనిషి రాసిన రెండు రచనలు పక్కపక్కన పెట్టండి. డేవిడ్ వాలెస్-వెల్స్ 2019లో 'ది అనిన్‌హాబిటబుల్ ఎర్త్' రాశాడు. నిద్ర పట్టనివ్వని పుస్తకం. అదే మనిషి 2022 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో 'బియాండ్ కెటాస్ట్రఫీ' అని పెద్ద వ్యాసం రాశాడు. తాను ముందు ఊహించినంత ఘోరం జరిగే అవకాశం తగ్గిందనీ, ఇప్పుడు భూమి వేడెక్కే దారి 2 నుంచి 3 డిగ్రీల మధ్యకు వచ్చిందనీ, అది కూడా మామూలు కష్టం కాదనీ అందులో చెప్పాడు. పుస్తకంలో మొదటి భాగం చాలు, వ్యాసం మాత్రం పూర్తిగా చదవండి. మీ రెండు వర్గాలకూ మొదటి రోజే చెరో దెబ్బ తగులుతుంది.

దారి ఎందుకు మారిందో మీ పిల్లలకు చెప్పాలంటే 'ఆర్‌సీపీ 8.5' అంటే ఏమిటో తెలియాలి. ఈ శతాబ్దం పొడవునా బొగ్గు వాడకం పెరుగుతూనే పోతే ఏమవుతుందో లెక్కగట్టిన ఊహాచిత్రం అది. చాలా పుస్తకాలు, పేపరు వార్తలు దాన్నే 'ఇలాగే సాగితే' అని రాసేశాయి. నిజానికి అప్పటికి అమల్లో ఉన్న విధానాలే కొనసాగితే శతాబ్దం చివరికి వేడి 3.1 డిగ్రీల దాకా పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 'ఎమిషన్స్ గ్యాప్ రిపోర్ట్' లెక్క. దేశాలు ఇచ్చిన మాటలు నిలబెట్టుకుంటే 2.6 నుంచి 2.8. ఈ రిపోర్టు ఏటా ప్రపంచ వాతావరణ సమావేశానికి కాస్త ముందు వస్తుంది, ఉచితం. కార్యనిర్వాహక సారాంశం ఒక్కటీ ప్రింటు తీసుకోండి. భయపెట్టే పుస్తకం ఏది చేతికొచ్చినా 'ఇది ఏ ఊహాచిత్రం మీద రాసింది?' అని ముందు అడిగే అలవాటు చేయించండి.

రెండో నెలకు హన్నా రిచీ 'నాట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్' పెట్టండి. 2024లో వచ్చింది. గాలి కాలుష్యం, వాతావరణం, అడవుల నరికివేత, తిండి, జీవవైవిధ్యం, సముద్రంలో ప్లాస్టిక్, చేపల వేట అని ఏడు సమస్యలు. భాష తేలిక, బొమ్మలు చాలా. ఇందులో లోపం కూడా చెప్పాలి. అంకె బాగుపడితే సమస్య బాగుపడినట్టే రాస్తుంది. గనికి భూమి ఎవరిది పోయింది, కరెంటు ముందు ఎవరికొచ్చింది లాంటి ప్రశ్నలు అందులో పలచన. అందుకని ఆ నెల చివర్లో నాగరాజ్ అద్వే రాసిన 'గ్లోబల్ వార్మింగ్ ఇన్ ఇండియా' కలపండి. ఏకలవ్య వాళ్లు 2022లో వేశారు, సన్నని పుస్తకం. ఎవరి వల్ల ఎంత, ఎవరికి ఎంత అన్నది మొహమాటం లేకుండా రాశాడు.

మూడో నెలకు ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం. ఆరో అంచనా సంకలన నివేదిక 2023 మార్చిలో వచ్చింది. పూర్తిగా చదవబోకండి, బృందం చెల్లాచెదురవుతుంది. విధాన నిర్ణేతల సారాంశం మాత్రమే తీసుకోండి. అందులో మూడు భాగాలు: ఇప్పటి స్థితి, ముందున్నది, దగ్గరి కాలంలో చేయగలిగినవి. అందరూ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి మూడో పేజీలో ఆగిపోతారు. దీనికి వేరే పద్ధతి ఉంది. ముందు బొమ్మలు, వాటి కింది వివరణలు. తర్వాత ప్రతి భాగంలో బోల్డు అక్షరాల్లో ఉన్న తలవాక్యాలు. ఆ తర్వాతే కింది పేరాలు. 'వెరీ లైక్లీ' అంటే వాళ్ల భాషలో 90 నుంచి 100 శాతం, ఉత్త 'లైక్లీ' అంటే 66 నుంచి 100 శాతం. ఈ రెండూ బోర్డు మీద రాసి పెట్టండి.

మీ రెండు వర్గాలకూ కావాల్సిన అంకెలు అక్కడే ఉన్నాయి. 2010 నుంచి 2019 లోపు సోలార్ కరెంటు ఖర్చు 85 శాతం, గాలి కరెంటు 55 శాతం, లిథియం బ్యాటరీల ఖర్చు 85 శాతం పడిపోయాయి. అదే దశాబ్దంలో వరద, కరువు, తుపానుల వల్ల మరణాలు హాని ఎక్కువున్న ప్రాంతాల్లో, తక్కువున్న ప్రాంతాల కంటే 15 రెట్లు ఎక్కువ. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచే పుస్తకం పక్కన పెట్టేయండి.

గుణుపూర్ నుంచి

మాస్టారు చెప్పిన వరుస బాగుంది గానీ, మూడు నెలల దాకా మన ఊసే లేకపోతే రైతులు ఉండరు. రెండో నెలలోనే 'పారి'ని పెట్టండి. పి. సాయినాథ్ మొదలుపెట్టిన గ్రామీణ భారత కథనాల వెబ్‌సైటు. వాతావరణ మార్పు మీద దేశమంతా తిరిగి రాసిన కథనాల వరుస ఒకటి ఉంది అందులో. చాలా కథనాలు తెలుగులో, ఒడియాలో కూడా వస్తాయి, పైన భాష మార్చుకునే చోటు ఉంటుంది. మీకు కావాల్సింది 2019లో అనికేత్ ఆగా, చిత్రాంగద చౌధురి రాసిన రాయగడ పత్తి కథనం. జిల్లాలో బీటీ పత్తి విస్తీర్ణం 2002-03లో 1,631 ఎకరాలు, 2018-19కి 86,907 ఎకరాలు. 5,200 శాతం పెరుగుదల అని రాశారు. ఇక్కడే పిల్లల చేత లెక్క చేయించండి. పునాది చిన్నదైతే శాతం ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. కానీ ఎనభై అయిదు వేల ఎకరాలంటే చిన్న సంగతి కాదు, కొండవాలు చేలలో చోడి, కంది, జొన్న కలిపి వేసే పద్ధతి అక్కడ పోయింది. శాతానికి భయపడకుండా ఎకరాలు చూసి ఆలోచించడం నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

అదే జిల్లాలో దేబల్ దేబ్ పెంచుతున్న దేశవాళీ వరి విత్తనాల తోట ఉంది. వెయ్యికి పైగా రకాలు ఏటా వేసి నిలబెడుతున్నారు. ఏటా ఎందుకు వేయాలంటే, విత్తనం గోదాములో పెట్టి తాళం వేస్తే మొలకశక్తి పోతుంది, మారే వాతావరణానికి అలవాటు పడే అవకాశమూ పోతుంది. దీని మీద వచ్చిన వ్యాసాలు ఇంటర్నెట్లో బోలెడు. ఆశ అన్న మాట వాడకుండానే ఆశ కనిపించే సంగతి ఇది.

తుపానుల మాటకొస్తే, బరంపురం వాళ్లకు బయటి పుస్తకం అక్కర్లేదు. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో సుమారు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సుమారు 10 లక్షల మందిని ముందే తరలించారు, పోయినవాళ్లు 50 లోపే. మధ్యలో ఏం జరిగిందన్నదే చదవాల్సిన సంగతి. 1999లోనే రాష్ట్ర విపత్తు సంస్థ పెట్టారు, 2001లో సహాయ దళం తయారైంది, తీరం పొడవునా షెల్టర్లు కట్టారు. ఫైలిన్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కలిసి 2013 డిసెంబరులో నష్టాల అంచనా నివేదిక ఇచ్చాయి, ఉచితం. అందులో ఇళ్ల అధ్యాయం తప్పకుండా చూడండి. ప్రాణాలు దక్కాయి, రెండున్నర లక్షలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. మనిషిని బతికించడం నేర్చుకున్నాం, బతుకుతెరువును కాపాడటం ఇంకా నేర్చుకోలేదు. వలలు, పడవలు, మొగలి తోటలు ఎవరూ షెల్టర్‌కు మోసుకెళ్లలేరు కదా.

దాని పక్కనే 2018 అక్టోబరు 11 తిత్లీ తుపాను పెట్టండి. పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల్ని ముంచింది. తీరం నుంచి తరలించే పద్ధతి కొండకు సరిపోదు. అక్కడ చంపింది సముద్రం కాదు, కుంభవృష్టి, దాంతో విరిగిపడిన కొండచరియలు. గాలి హెచ్చరిక ఊరందరికీ అందినా, ఏ వాలు జారుతుందో చెప్పే హెచ్చరిక వేరే ఉండాలి. ఫైలిన్ ఒక్కటే చదివితే అంతా గెలిచేసినట్టు ఉంటుంది, తిత్లీ ఒక్కటే చదివితే ఏమీ మారనట్టు ఉంటుంది.

లెక్కల మనిషి, జయపూర్

ఒక పుస్తకం ఎవరూ చెప్పలేదు. డేవిడ్ మెక్‌కే 'సస్టెయినబుల్ ఎనర్జీ – వితౌట్ ది హాట్ ఎయిర్'. 2008ది, రచయిత 2016లో పోయారు, పుస్తకం మొత్తం ఆయన వెబ్‌సైట్లో ఉచితం. ఉదాహరణలన్నీ బ్రిటన్‌వి, సోలార్ ధరలు బాగా పాతవి. అయినా చెప్పడానికి కారణం, అది అన్నిటినీ ఒకే కొలతలోకి తెస్తుంది: మనిషికి రోజుకు ఎన్ని యూనిట్లు. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్. బ్రిటన్ సగటు మనిషికి అన్నీ కలిపి రోజుకు 125 అని ఆయన లెక్క.

దాన్ని ఇక్కడికి తెచ్చుకోండి. నలుగురున్న ఇల్లు, నెలకు 150 యూనిట్ల కరెంటు అనుకోండి. 150ని 30తో, మళ్లీ 4తో భాగిస్తే మనిషికి రోజుకు 1.25. వంట గ్యాసు సిలిండరు 14.2 కిలోలు, అందులో వేడి సుమారు 180 యూనిట్లు. నెలకో సిలిండరైతే మనిషికి రోజుకు 1.5. బండికి రోజుకు అర లీటరు పెట్రోలు పోస్తే, లీటరుకు సుమారు 10 యూనిట్ల చొప్పున మనిషికి 1.25. మూడూ దాదాపు సమానం. చాలామంది కరెంటే పెద్దది అనుకుంటారు, కాదు.

ఇప్పుడు కార్బన్ లెక్క వేయండి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే లెక్క అది. 150 యూనిట్లకు 105 కిలోలు. సిలిండరుకు సుమారు 42. నెలకు 15 లీటర్ల పెట్రోలుకు లీటరుకు 2.3 చొప్పున 35. వాడే శక్తి సమానమే అయినా కార్బన్‌లో కరెంటు మిగతావాటికి రెండున్నర, మూడు రెట్లు. కారణం బొగ్గు: మూడొంతులు కాలిస్తే ఒక వంతే కరెంటుగా బయటికొస్తుంది, మిగిలింది వేడిగా పోతుంది. కాబట్టి గ్రిడ్ మారితే అందరి ఇళ్లలోనూ ఒకేసారి తగ్గుతుంది. ఇంట్లో బల్బు మార్చి సంతృప్తి పడితే అంత రాదు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు సగటున రోజుకు 4 యూనిట్లిస్తుంది, ఆషాఢ శ్రావణాల్లో మబ్బుకు బాగా పడిపోతుంది. ఆ నెలల్లో లోటు ఎవరు పూడుస్తారన్నదే అసలు చర్చ.

పిల్లలు తప్పు చేసేది ఒక్కచోటే: కిలోవాట్‌ను, కిలోవాట్ అవర్‌ను కలిపేస్తారు. మొదటిది కొళాయి ఎంత జోరుగా వస్తోందో చెప్పేది, రెండోది బిందెలో ఎన్ని నీళ్లు పడ్డాయో చెప్పేది. ఈ తేడా రాకుండా పుస్తకం తెరవకండి. ఎవరి బిల్లు వాళ్లు తెచ్చుకుంటే గంటన్నరలో మొదటి నాలుగు అధ్యాయాల సారం వచ్చేస్తుంది.

బరంపురం చదువరి

చాలా బాగుంది, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఒకటి, మా వాళ్లు కొందరు కథలు, నవలలైతేనే చదువుతామంటున్నారు. రెండు, పాల్ హాకెన్ సంపాదకత్వంలో వచ్చిన 'డ్రాడౌన్'లో వరి సాగు మార్చితే మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) తగ్గుతుందని ఉంది. మా రైతులు నవ్వేశారు. ఆరుతడి, అంటే మడిని ఆరనిచ్చి మళ్లీ తడపడం, ఇక్కడ కుదిరేదేనా, లేక పుస్తకాల కబురేనా?

పర్లాకిమిడి మాస్టారు

నవలకు కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్', 2020. మొదటి అధ్యాయం ఉత్తరప్రదేశ్‌లో ఉక్కపోత వడగాడ్పు, జనం కుప్పలుగా పోతారు. బెంగగా ఉన్నవాళ్లకు అది మొదట ఇవ్వకండి. తర్వాతి అధ్యాయాల్లో బ్యాంకులు, చట్టాలు, ఇంజినీర్లు, తిరగబడే జనం వస్తారు, అక్కడ నెమ్మదిగా కాస్త వెలుగు కనిపిస్తుంది. నవలగా చూస్తే అక్కడక్కడ ఉపన్యాసం ఎక్కువ, అది మాత్రం ఓర్చుకోవాలి.

అమితవ్ ఘోష్ 'ది గ్రేట్ డిరేంజ్‌మెంట్' 2016ది. నవల కాదు, నవలలు ఈ విషయం ఎందుకు రాయలేకపోతున్నాయో చెప్పే పుస్తకం. మొదటి భాగం చాలు.

తీరం పాఠకుడు, గోపాల్‌పూర్

మాస్టారితో ఒక చోట ఒప్పుకోను. ఆ మొదటి అధ్యాయం దాచిపెడితే సముద్రపొడ్డున ఉండే మన పిల్లలకు అన్యాయం. ఉక్క ప్రమాదం మన తీరానికే ఎక్కువ. మీటరు 42 డిగ్రీలు చూపించే పశ్చిమ ఒడిశా పొడి ఎండ కంటే, 37 డిగ్రీలే అయినా తేమ నిండిన ఎండలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 చూపిస్తే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి నిలవలేడని పాత లెక్క. 2022లో అమెరికాలో యువకుల మీద చేసిన ప్రయోగాల్లో హద్దు 31 దగ్గరే వచ్చింది. నవలలో ఆ అధ్యాయం చదివాక, అదే పూట అహ్మదాబాద్ 2013 వడగాడ్పుల ప్రణాళిక చదివించండి, చిన్నది. ఏ డిగ్రీకి ఏ రంగు హెచ్చరిక, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఆస్పత్రిలో ఐసు ప్యాకులు ఎక్కడ పెట్టాలి అని ఉంటుంది. 1998 ఎండల్లో ఒడిశాలో రెండు వేల మందికి పైగా పోయాక మన రాష్ట్రం కూడా ఏటా సన్నాహాలు మొదలుపెట్టింది. భయం కలిగించినవాడే ఫోన్ నంబర్ల పట్టికా చూపించాలి.

ఇంకొకటి. 2020లో భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 'అసెస్‌మెంట్ ఆఫ్ క్లైమేట్ చేంజ్ ఓవర్ ది ఇండియన్ రీజియన్' తెచ్చింది, ఉచితం. ప్రతి అధ్యాయం మొదట్లో ముఖ్యాంశాల పెట్టె ఉంటుంది, అవి చదివితే చాలు. తుపానుల అధ్యాయం చూడండి: ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానుల మొత్తం సంఖ్య 1951 తర్వాత తగ్గింది, కానీ 2000 తర్వాత వానాకాలం వెళ్లాక వచ్చే అతి తీవ్రమైనవి పెరిగాయి. ఇలాంటి వాక్యం పేపర్లో సగమే పడుతుంది. ఒక జాగ్రత్త: శతాబ్దం చివరికి భారత్‌లో 4.4 డిగ్రీలు అని అందులో ఉన్నది ఆర్‌సీపీ 8.5 మీద, 1976–2005 సగటుతో పోల్చి చెప్పింది. ఐపీసీసీ పోల్చేది 1850–1900తో. రెండూ పక్కపక్కన రాసి తీసివేత చేయకండి. 2024లో ప్రపంచం 1.55 డిగ్రీలకు చేరిందన్నదీ ఒక్క ఏడాది మాట, పారిస్ ఒప్పందంలో దేశాలు పెట్టుకున్న 1.5 హద్దు చాలా ఏళ్ల సగటు మాట.

వ్యవసాయం పని, ఛత్రపూర్

ఆరుతడి గురించి నేను చెబుతాను. రైతులు నవ్వింది ఖరీఫ్‌ను తలచుకుని. అది న్యాయమే. జూలై ఆగస్టుల్లో పల్లపు మడి ఆరబెట్టమంటే ఎలా ఆరుతుంది? ఈ పద్ధతి దాళ్వాకు (రబీ వరికి), అదీ బోరు కిందో చెరువు కిందో నీళ్లు చేతిలో ఉన్న మడికి.

చేసే తీరు ఇది. 30 సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ గొట్టం ముక్క. కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టి, ఆ సగం నేలలోకి దించాలి, పై సగం పైకి ఉండాలి. లోపలి మట్టి తీసేయాలి, ఇది మరిచిపోతే నీటిమట్టం కనిపించదు. గట్టుకు ఆనించి పెడితే గట్టు కారడం వల్ల తప్పు లెక్క వస్తుంది, కనీసం మీటరు లోపలికి పెట్టాలి. నాట్లయ్యాక రెండు వారాలు, కలుపు ఎక్కువుంటే మూడు వారాలు నీళ్లు నిలపాలి. తర్వాత గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకూడదు, తాలు పడుతుంది.

మీథేన్ ఎందుకు తగ్గుతుందంటే, అది గాలి ఆడని బురదలోని సూక్ష్మజీవుల పని. నేల ఆరి గాలి లోపలికి వెళితే వాటి పని ఆగుతుంది. 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతుంది, నీళ్లు నాలుగో వంతు పైగా మిగులుతాయి. చెడేది రెండు చోట్ల. ఆరిన మడిలో యూరియా చల్లి వెంటనే నీళ్లు పెడితే నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది, అది ఇంకా బలమైన వాయువు, లాభంలో కొంత తినేస్తుంది. ఇక రెండోది, కాలువ నీళ్లు వంతుల వారీగా వచ్చే చోట మన గొట్టం 15 చూపించిన రోజు కాలువ ఎండి ఉంటుంది. అందుకే రైతు వంతు రాగానే నిండా పెట్టుకుంటాడు, తప్పు అతనిది కాదు. 'డ్రాడౌన్' చదివేటప్పుడు ఆ వరి పేజీ పక్కన ఈ రెండూ రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం 2017ది, ప్రపంచ సగటులు చెబుతుంది, కాలువ లాకు ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

బోరున్న రైతు ఒకరు మీ బృందంలో ఉంటే, గొట్టం ముక్క కోసి దాళ్వా నాట్లకు ముందే తెచ్చి చూపించమనండి. ఆ నెల సమావేశం పొలం గట్టు మీద పెట్టుకోవచ్చు.

బరంపురం చదువరి

బోరున్నవాళ్లు ఇద్దరున్నారు. అయితే వరుస కాస్త మారుస్తాం. మొదట వాలెస్-వెల్స్ రెండూ, తర్వాత ఫైలిన్, తిత్లీ, 'పారి' ఒకే నెలలో, మూడో నెల కరెంటు బిల్లులు. రిచీ, అద్వే నాలుగో నెల, ఐపీసీసీ సారాంశం, భారత నివేదిక ముఖ్యాంశాలు అయిదో నెల. గొట్టం మాత్రం దాళ్వా ఎప్పుడొస్తే అప్పుడు. నవల మొదటి అధ్యాయం మీద మాస్టారూ, గోపాల్‌పూర్ గారూ ఇంకా తేల్చుకోలేదు కాబట్టి ఆరో నెలకు మిగిలింది.